కార్బన్ గ్యాసు దించే బావి గొట్టం ఎన్నేళ్లు ఆగతాది?

రొయ్యలబాబు · ముత్తుకూరు మండలం · శనివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా చెరువు గట్టు మీద నిలబడితే నేలటూరు థర్మల్ పొగగొట్టాలు కనపడతా ఉంటాయి. మొన్న టీవీ చర్చలో ఒకాయన తేల్చి చెప్పేసినాడు, బొగ్గు కరెంటు ఆపక్కర్లేదు, పొగలో కార్బన్ డయాక్సైడ్ పట్టి భూమిలోకి దించేస్తే సరిపోతాదని. మా కాడ అట్టాంటి ప్రాజెక్టేదీ లేదు, ఈ పోస్టు చూసి పుకార్లు పుట్టించబాకండి. నా అనుమానమంతా గొట్టం మీద.

మా పక్క బోరుకి ఇనప కేసింగు ఏస్తే ఉప్పునీళ్లకి ఏడెనిమిదేళ్లలో జల్లెడైపోతాది. పైకి లాగితే చేతిలోనే పెచ్చులు పెచ్చులుగా రాలతాది. అందుకే అందరం పీవీసీకి మారినాం. ఆ గ్యాసు బావికి దించేది గూడా ఇనప గొట్టమే గదా. గ్యాసేమో వెయ్యేళ్లు లోపలే ఉండాలంటా ఉండారు. గొట్టం యాభై ఏళ్లకే పోతే లోపల గ్యాసు ఏమైతాది? తెలిసినోళ్లు చెప్పండి సామీ.

రిగ్గన్న · చీమకుర్తి · 9:05

బాబన్నా, మీకు ఇసకా ఉప్పునీళ్లూ గనక గొట్టం గోల. మా వైపు కేసింగు మట్టి ఉన్నంత వరకే. రాయి తగిలాక కిందంతా ఉత్త బొక్కే. ఎనిమిదొందలు, వెయ్యి అడుగులు పోయినా దుమ్ము లేచిద్ది గానీ తడి రాదు. గ్యాసు దించుతామంటే రమ్మనండి, ఎండిపోయిన బోర్లు ఊరూరా ఉన్నాయి, అద్దెకిచ్చేద్దాం.

కావలి_సిమెంటు · సొంతూరు కావలి, పని ఒమన్‌లో · 10:31

రిగ్గన్నా, మీరు నవ్వులాటకి అన్నా అసలు తంటా అంతా అలాంటి పాత బొక్కలతోనే. దాని దగ్గరకి తర్వాత వస్తా.

నా పని బావులకి సిమెంటు పోయడం. చమురు బావులే ఎక్కువ, లోపలికి గ్యాసు దించేవి కొన్ని. ముందు చోటు సంగతి. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటితే గ్యాసులా పలచగా ఉండదు, ద్రవానికి దగ్గరగా బరువెక్కి తక్కువ చోటులో ఇముడుతుంది. భూమిలో ఆ ఒత్తిడి కావాలంటే దాదాపు 800 మీటర్లు దిగాలి, అంటే 2,600 అడుగులు. చీమకుర్తి బోర్లు అందులో సగానికి కూడా రావు. పైగా అక్కడ ఇసకరాయిలా రంధ్రాలున్న పొర కావాలి, దాని నెత్తిన గ్యాసుని పోనివ్వని షేలు లాంటి పొర కావాలి. నెల్లూరు జిల్లాలో చాలా భాగం కింద ఉన్నది షిస్టు, గ్రానైటు జాతి రాళ్లు. గూడూరు మైకా ఆ రాళ్లలోదే. వాటిలో ఇమడ్చడానికి చోటే ఉండదు. మన వైపు ఎప్పుడైనా ఈ మాట వచ్చినా సముద్రం లోపలి పొరల గురించే వస్తుంది, ఒంగోలు పక్క కృష్ణా-గోదావరి బేసిన్ దక్షిణపు కొస, ఇంకా కిందికి వస్తే పాలార్-పెన్నార్ బేసిన్. నార్వే వాళ్లు ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాసు క్షేత్రం దగ్గర 1996 నుంచి సముద్రగర్భం కిందే దించుతున్నారు. మొదటి ఏళ్లలో ఏడాదికి సుమారు పది లక్షల టన్నులు.

ఇక గొట్టం. బాబన్న బోరులో ఒకటే గొట్టం, బయటా ఉప్పునీళ్లే, లోపలా ఉప్పునీళ్లే. గ్యాసు దించే బావి కట్టడం వేరు. మొదటి కేసింగు మంచినీటి పొరలన్నీ దాటేదాకా దిగుతుంది, దాని చుట్టూ అడుగు నుంచి నేల మట్టం దాకా సిమెంటు. అందులోనుంచి ఇంకో పొడుగాటి కేసింగు నిల్వ పొర దాకా పోతుంది, దాని చుట్టూ కూడా సిమెంటే. దాని లోపల ట్యూబింగ్ అని సన్నటి గొట్టం. గ్యాసు నడిచేది ఈ ట్యూబింగ్‌లో మాత్రమే. ట్యూబింగ్ అడుగున రబ్బరు సీళ్లున్న ప్యాకర్ బిగిస్తాం, గ్యాసు పక్కనుంచి తిరిగి పైకి ఎక్కకుండా. ట్యూబింగ్‌కీ కేసింగ్‌కీ నడుమ మిగిలిన ఖాళీ పేరు యాన్యులస్. అందులో తుప్పు పట్టనివ్వని ద్రవం నింపుతాం.

అంటే గ్యాసు తగిలేది ట్యూబింగ్‌కి, ప్యాకర్ కింద మిగిలిన కొద్దిపాటి కేసింగ్‌కి. అక్కడ క్రోమియం కలిసిన ఉక్కు వాడతారు. ట్యూబింగ్ పాడైతే రిగ్గు తెచ్చి లాగేసి కొత్తది దించుకోవచ్చు. తడి లేని కార్బన్ డయాక్సైడ్ ఉక్కు జోలికి పోదు, నీళ్లు కలిస్తేనే ఆమ్లమవుతుంది. అందుకే దించే ముందు దాన్ని బాగా ఆరబెడతారు.

గొట్టం వెయ్యేళ్లు ఉండాలని ఎవరూ లెక్క వెయ్యరు. దించే పని అయ్యాక ట్యూబింగ్ తీసేసి, సిమెంటు ప్లగ్గులతో బావి మూసి, పైన కోసేస్తారు. అక్కడినుంచి కాపలా కాసేవి రాయీ, సిమెంటూ.

రొయ్యలబాబు · 10:52

ఇంతసేపు కూర్చోని రాసినందుకు దండాలన్నా. అయితే గ్యాసు దించతా ఉన్నప్పుడు లోపల చిల్లు పడిందని పైన ఉన్నోడికి ఎట్ట తెలస్తాది? మా మోటారు కాలిపోయినా పైకి లాగే దాకా మాకు తెలీదు.

కావలి_సిమెంటు · ఆదివారం ఉదయం 7:15

యాన్యులస్ ద్రవం పెట్టేదే అందుకు.

మన దేశంలో వాణిజ్య స్థాయిలో ఇలాంటి నిల్వ బావి ఇంకా నడవడం లేదు గనక అమెరికా పద్ధతి చెప్తా. అక్కడ ఈ బావులకి క్లాస్ సిక్స్ అని పేరు, అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2010లో నియమాలు పెట్టింది. వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: అధికారి ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, యాన్యులస్‌లో ఒత్తిడి ఎప్పుడూ గ్యాసు దించే ఒత్తిడి కంటే ఎక్కువే ఉండాలి. అలా ఉంటే ట్యూబింగ్‌కి చిల్లు పడినా ప్యాకర్ వదులైనా ద్రవమే గ్యాసు వైపు తోసుకుపోతుంది, గ్యాసు ఇటు రాదు. పైన ఒత్తిడి గేజీ ముల్లు పడిపోతుంది, ట్యాంకులో ద్రవం తరుగుతుంది. ఒత్తిడి, ద్రవం మోతాదు రెండూ ఆపకుండా రికార్డవుతూ ఉండాలి. తేడా వస్తే దించడం ఆపెయ్యాలి, 24 గంటల్లోపు అధికారికి చెప్పాలి. దించే ఒత్తిడికీ హద్దుంది, రాయి పగిలే ఒత్తిడిలో 90 శాతం దాటకూడదు.

బావి మొదలెట్టే ముందు యాన్యులస్‌ని ఒత్తిడికి ఎక్కించి, పంపు విడదీసి, వాల్వు కట్టేసి ముల్లు వైపు చూస్తూ కూర్చుంటాం. నిలబడితే పాసు. ప్యాకర్ కదిలించిన ప్రతిసారీ మళ్లీ అదే తంతు.

అలాగని ముల్లు కదిలిన ప్రతిసారీ లీకు అనుకోకూడదు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు తెల్లవారుజామున ఫోన్ చేశాడు, యాన్యులస్ ఒత్తిడి గంటగంటకీ ఎక్కుతోందని, గొంతు వణుకుతోంది. ముందురోజు సాయంత్రం దించడం ఆపారు. చల్లటి గ్యాసు ఆగేసరికి బావి మళ్లీ వేడెక్కింది, మూసి ఉన్న ద్రవం వ్యాకోచించింది. నేను వెళ్లి అరంగుళం నీడిల్ వాల్వు కొంచెం తిప్పి మెల్లగా వదిలాను. బుడగ రాలేదు, ద్రవమే వచ్చింది, కాసేపటికి సున్నా. వాల్వు కట్టి 24 గంటలు చూశాం, మళ్లీ లేవలేదు. లేచి ఉంటే ఎక్కడో దారి ఉన్నట్టే. దాన్ని సస్టెయిన్డ్ కేసింగ్ ప్రెషర్ అంటాం, అప్పుడు బావికి వర్కోవర్, అంటే రిగ్గు పెట్టి మరమ్మతు, తప్పదు.

పక్కా_అనుమానం · నెల్లూరు · 8:40

గేజీలూ నియమాలూ వినడానికి బాగానే ఉన్నాయి. మరి 2024లో ఇల్లినాయిస్ రాష్ట్రం డికేటర్‌లో ఏమైంది? క్లాస్ సిక్స్ అనుమతితో ముందుగా నడిచిన చోటు అదే. అక్కడే లీకైంది, ఈపీఏ నోటీసు ఇచ్చింది, దించడం ఆపారు. దాని ఊసే ఎత్తలేదేం సార్?

కావలి_సిమెంటు · 9:02

ఎత్తాల్సిందే, మీరే ఎత్తారు, మంచిది. కానీ అక్కడ లీకైంది దించే బావి కాదు. గ్యాసు ఎక్కడిదాకా పాకిందో చూడటానికి తవ్విన పరిశీలన బావి. సుమారు 5,000 అడుగుల లోతులో లోహం తుప్పు తినేసింది, నిల్వ పొరలోది అనుమతి లేని పై పొరలోకి ఎక్కింది. తాగునీటి పొరలు దానికి చాలా పైన ఉన్నాయి, అది వేరే సంగతి.

నా లెక్కలో అది దించే బావి లీకు కంటే పెద్ద పాఠం. దించే బావికి మంచి ఉక్కు, ఆరబెట్టిన గ్యాసు, రాత్రీ పగలూ గేజీ. పరిశీలన బావి దగ్గరికి గ్యాసు చేరేసరికి అది పొరలోని ఉప్పునీళ్లతో కలిసి తడిసి ఆమ్లమై వస్తుంది. మామూలుగా మనుషుల కన్ను మాత్రం దించే బావి మీదే ఉంటుంది.

లాగర్‌తాత · బుచ్చిరెడ్డిపాళెం · 11:20

రాజమండ్రి వైపు వైర్‌లైన్ లాగింగ్, అంటే తీగకి పరికరం కట్టి బావిలో దించి కొలతలు తీసే పని, చేసి రిటైరైనవాణ్ణి. సిమెంటు అబ్బాయి చెప్పిందంతా లోపలి సంగతి. కేసింగ్ బయట ఏం జరుగుతోందో ఆ గేజీకి తెలియదు. కేసింగ్‌కీ రాతికీ నడుమ సిమెంటులో సన్నటి దారి ఉందనుకో, గ్యాసు దాని వెంట పాకిపోతుంది, యాన్యులస్ ముల్లు మాత్రం రాయిలా నిలబడి ఉంటుంది. అందుకే ఆ నియమాల్లోనే ఏడాదికి ఒక్కసారైనా బయటి పరీక్ష తప్పనిసరి. టెంపరేచర్ లాగ్, శబ్దం లాగ్, నీళ్ల కదలిక పట్టే ఆక్సిజన్ యాక్టివేషన్ లాగ్, వీటిలో ఏదో ఒకటి.

నాకు టెంపరేచర్ లాగ్ అంటే ఇష్టం, పరికరం చౌక, అబద్ధం తక్కువ. దించడం ఆపి బావిని ఒకటిన్నర రోజు అలాగే వదిలెయ్యాలి. తర్వాత తీగకి థర్మామీటరు కట్టి నిమ్మళంగా దించాలి. తొందరపడి దించితే పరికరమే నీళ్లని కలిపేస్తుంది, లాగు చెడుతుంది. భూమిలో కిలోమీటరుకి 25, 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది, కాగితం మీద అది ఏటవాలు గీతగా పడుతుంది. చల్లటి గ్యాసు తాగిన పొర దగ్గర గీత ఎడమకి వంగుతుంది. ఆ వంపు షేలు కిందే ఆగి, పైన మళ్లీ పాత ఏటవాలుకి రావాలి. షేలు దాటి పైదాకా చలి సాగిందంటే కేసింగ్ వెనక ఏదో ఎక్కుతోందని అర్థం. ఇదంతా గ్యాసు దించకముందు తీసిన లాగు పక్కన పెట్టి చూస్తేనే. మొదటి లాగు లేకుండా ఏ వంపు కొత్తదో, ఏది పుట్టుకతో ఉన్నదో బ్రహ్మక్కూడా తెలీదు.

సిమెంట్ బాండ్ లాగ్ అని ఇంకొకటుంది, మా వాళ్లకి దాని మీద మూఢభక్తి. శబ్దం తరంగం బాగా అణిగితే సిమెంటు పట్టుకుందని లెక్క. కానీ కేసింగ్ చుట్టూ వెంట్రుకవాసి సందు ఉంటే పట్టు లేనట్టు చూపిస్తుంది, అదే బావికి ఒత్తిడి ఎక్కించి తీస్తే పట్టు ఉన్నట్టు చూపిస్తుంది. ఒక పక్కనే ఛానల్ (సిమెంటు లేని సందు) ఉంటే పాత పరికరం చుట్టూరా సగటు తీసి దాన్ని మాయం చేస్తుంది. తిరుగుతూ చూసే అల్ట్రాసోనిక్ పరికరం కొంత నయం. ఆ కాగితం చూపించి "బాండ్ అద్భుతం" అనేవాణ్ణి నమ్మకు నాయనా.

కావలి_సిమెంటు · 11:48

తాతా, ఆ ఛానల్ పుట్టేది సిమెంటు పోసిన రోజునే. కేసింగు బావి నడిమధ్య నిలవడానికి సెంట్రలైజర్లు తొడుగుతాం. ఖర్చు తగ్గించడానికి వాటిలో కొన్ని ఎగ్గొడితే కేసింగు ఒక పక్కకి ఒరుగుతుంది. సన్నగా మిగిలిన పక్కన డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో నింపే బురద) కదలదు, సిమెంటు వెడల్పు పక్కనుంచి దారి చూసుకుని పైకొచ్చేస్తుంది. పైన సిమెంటు కనపడగానే సంతకాలైపోతాయి. లోపల ఒక పక్కన అడుగు నుంచి పైదాకా మడ్ గీత అలాగే ఉంటుంది. కొన్నేళ్లకి అది ఎండి కుంచించుకుపోతే గ్యాసుకి అదే రహదారి.

కెమిస్ట్రీ_మేడమ్ · ఒంగోలు · మధ్యాహ్నం 2:10

సిమెంటుని ఆమ్లం తినేస్తుందని అందరూ భయపడతారు గనక రసాయనం ముక్కలో చెప్తాను. పోర్ట్‌లాండ్ సిమెంటు గట్టిపడ్డాక అందులో కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ దానితో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది, అంటే సున్నపురాయి. అది రంధ్రాల్లో నిండి సిమెంటుని ఇంకా బిగిస్తుంది. అక్కడితో ఆగితే మంచిదే. కానీ కొత్త ఆమ్లపు నీళ్లు నిలవకుండా పారుతూ ఉంటే, ఆ కార్బొనేటే బైకార్బొనేటుగా కరిగి కొట్టుకుపోతుంది. కదలని చోట సిమెంటు తనంత తానే బిగుసుకుంటుంది, పారే చోట కరుగుతుంది. కాబట్టి ప్రశ్న సిమెంటు మంచిదా కాదా అని కాదు, దాని పక్కన పారే దారి ఉందా లేదా అని.

దీనికి బయటి సాక్ష్యం ఉంది. టెక్సాస్‌లో సాక్‌రాక్ అనే చమురు క్షేత్రంలో 1972 నుంచి చమురు తోడటానికి కార్బన్ డయాక్సైడ్ దించారు. దాదాపు 30 ఏళ్లు ఆ గ్యాసు మధ్య ఉన్న ఒక బావి నుంచి సిమెంటు ముక్క తీసి పరీక్షించి 2007లో ప్రచురించారు. ప్రత్యేకమైన సిమెంటేమీ కాదు, పోర్ట్‌లాండే. నిలిచే ఉంది. కానీ షేలు తగిలే అంచున మిల్లీమీటరు నుంచి సెంటీమీటరు మందాన నారింజ రంగు పట్టీ, పూర్తిగా కార్బొనేటుగా మారిపోయింది. కేసింగు వైపు అంచున కూడా సన్నటి పొర. లోపలి భాగం బూడిద రంగులో అలాగే ఉంది. గ్యాసు సిమెంటుని చీల్చుకుని రాలేదు, రెండు అంచుల వెంట నడిచి వచ్చింది.

బీటెక్_పిల్ల · ఆత్మకూరు, చదువు కాకినాడ · 3:30

మేడమ్ చాలా థ్యాంక్స్, నా సెమినార్‌కి ఇదే కావాలి. కావలి అన్నా, ఒక డౌటు. "సీఓటూ నిరోధక సిమెంటు" అని కంపెనీలు అమ్ముతుంటాయి కదా, అది వాడితే అంచుల సమస్య కూడా పోతుందా? ఇంకా ప్యాకర్ రబ్బరుకి ఏమీ కాదా?

కావలి_సిమెంటు · 5:05

అమ్మాయ్, ఆ సిమెంటు ఉపయోగమే, కేటలాగులో చెప్పినంత కాదు. ఒరిగిన కేసింగు చుట్టూ ఎంత ఖరీదైన సిమెంటు పోసినా మడ్ గీత మడ్ గీతే. నేనైతే ఆ డబ్బుతో ముందు సెంట్రలైజర్లు కొంటా.

రబ్బరు సంగతి బాగా అడిగావు. ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ రబ్బరు లోపలికి ఇంకుతుంది. బావి ఒత్తిడి ఒక్కసారిగా దించేస్తే గోలీసోడా కొట్టినట్టు లోపలి గ్యాసు ఒకేసారి పొంగుతుంది. బయటికి తీసిన ఓ-రింగు ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. చర్మం మీద బొబ్బలు, గోటితో నొక్కితే లోపల చీలిక చీలికలు. అందుకే అలాంటి పొంగుడు తట్టుకునే రకం రబ్బరు అడగాలి, అడిగినా ఒత్తిడి మెల్లగానే దించాలి.

సెమినార్‌లో కూపన్ల గురించి కూడా రాయి, ఎవరూ రాయరు. బావిలో వాడిన ఉక్కుతోనే బిళ్లలు చేసి, గ్యాసు నడిచే దారిలో వేలాడదీసి, మూడు నెలలకోసారి తీసి తూకం వేస్తారు. ఎంత బరువు తగ్గిందో అంత తుప్పు. త్రాసు మీద తేలే లెక్క, ఎవడూ వాదించడానికి ఉండదు.

రిగ్గన్న · రాత్రి 8:20

ఇందాక మా ఎండు బోర్లతోనే తంటా అన్నావు, చెప్పకుండా దాటేశావు తమ్ముడూ. మా వాళ్లు బోరు ఎండితే కేసింగు లాక్కుపోయి అమ్ముకుంటారు, బొక్క మీద బండ పెడతారు, అంతే. పిల్లలు పడుతున్నారని సుప్రీంకోర్టు 2010లో మూసెయ్యాలని చెప్పింది. నీళ్లు, నేల, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. ఎవరు మూసిద్ది? ఒక ట్రాక్టరు మట్టి తోలటానికి కూడా మనసొప్పదు.

కావలి_సిమెంటు · 9:10

అన్నా, గ్యాసు నిల్వకి కూడా అదే కథ, లోతు మాత్రం ఎక్కువ.

అల్జీరియాలో ఇన్ సలా అనే చోట 2004 నుంచి 2011 దాకా సుమారు 38 లక్షల టన్నులు దించారు. అక్కడ గ్యాసు బయటికి కనపడింది 2007లో, ఒక పాత అన్వేషణ బావి తల దగ్గర. 1980లో తవ్వి వదిలేసిన బావి. దించే బావి నుంచి గ్యాసు పొర వెంట నడుచుకుంటూ వెళ్లి పాత బొక్కని వెతుక్కుంది. తర్వాత దాన్ని సరిగా మూశారు.

కాలిఫోర్నియాలో ఆలిసో కాన్యన్ మీకు గుర్తుండే ఉంటుంది. అది కార్బన్ కాదు, సహజ వాయువు నిల్వ. 1953లో తవ్విన బావి 2015 అక్టోబరులో పగిలింది, నాలుగు నెలలు ఊది దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. పగిలిన చోటు ఎంత లోతో తెలుసా? 892 అడుగులు, అంతే. నిల్వ పొర ఎక్కడో కింద క్షేమంగా ఉంది. ఏడంగుళాల కేసింగు బయటి వైపు నుంచి భూగర్భ జలం, అందులోని సూక్ష్మజీవులు తినేశాయి. పైగా అక్కడ గ్యాసు ట్యూబింగ్‌లోనే కాదు, కేసింగ్ గుండా కూడా నడిచేది. రెండో గోడ లేదు. బాబన్న చెరువు దగ్గర రాలే పెచ్చులకీ దీనికీ తేడా పెద్దగా లేదు.

కెనడాలో ఆల్బెర్టా రాష్ట్రంలో మూడు లక్షలకి పైగా చమురు, గ్యాసు బావుల రికార్డులు తిరగేస్తే 4.6 శాతం దాకా ఏదో ఒక రకంగా గ్యాసు కారుతున్నవే. చాలావరకు చిన్నవి. అయినా రికార్డు పెట్టే అలవాటున్న చోట తేలిన లెక్క అది.

అందుకే క్లాస్ సిక్స్ అనుమతి అడిగేవాడు గ్యాసు పాకే మేర అంతా గీసి, అందులో నిల్వ పొరని కాపాడే షేలు దాటిన ప్రతి పాత బావినీ వెతికి, సరిగా మూయనిది ఉంటే ముందు దాన్ని మూయాలి. ఆ పటం అయిదేళ్లకోసారైనా తిరిగి గీయాలి. ఎవరైనా మీ ముందుకి ఇలాంటి ప్రాజెక్టు తెస్తే రాయి గురించి తర్వాత అడగండి, ముందు పాత బావుల జాబితా పెట్టమనండి. జాబితా పెట్టలేనివాడితో మిగతా మాటలు అనవసరం.

పక్కా_అనుమానం · 9:35

ఇప్పుడు నా లెక్క వినండి. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ఒక్కటి ముప్పాతిక సామర్థ్యంతో నడిచినా ఏడాదికి 45 లక్షల టన్నుల పైమాటే. అంటే ఒక్క యూనిట్ పొగకే నాలుగైదు స్లైప్నర్లు కావాలి. ఎన్ని దించే బావులు, ఎన్ని పరిశీలన బావులు? ప్రతిదీ మళ్లీ ఒక కొత్త బొక్కే కదా. యాభై ఏళ్ల తర్వాత ఎవడు చూస్తాడు? కంపెనీ ఉంటుందా? అమెరికాలో మిసిసిపీలో సటార్షియా ఊరి దగ్గర 2020లో కార్బన్ డయాక్సైడ్ పైపులైను పగిలి 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. మన ప్రభుత్వాలు, మన పార్టీలు

మోడరేటర్ · 9:41

పార్టీల మాట దగ్గర కత్తిరించాం. ఈ చర్చ బావుల గురించి, అక్కడే ఉండండి.

లాగర్‌తాత · 10:05

అనుమానం గారి లెక్క కొట్టిపారెయ్యలేం. పైపులైను వేరే సంగతి, అది నేల మీద. కానీ బావుల సంఖ్య పెరిగే కొద్దీ చెడే బావి ఒకటి ఉంటుందన్నది నిజం. మా కాలంలో బావి తవ్వే రోజు పూలదండలు, టెంకాయలు, ఫొటోలు. మూసే రోజు ఎవరూ రారు, జీతం తక్కువ వాళ్లని పంపుతారు. పాశర్లపూడిలో 1995 జనవరిలో బావి అంటుకుని రెండు నెలల పైన మండింది. ఆ మంట వెలుగు చూసినవాడెవడూ బావిని తేలిగ్గా తీసుకోడు.

దించడం ఆగాక 50 ఏళ్లు గమనించాలని అమెరికా నియమం, ముందే డబ్బు చూపించాలి కూడా. గ్యాసు స్థిరపడిందని నిరూపిస్తే తగ్గిస్తారు. అయితే కాలం గడిచేకొద్దీ ప్రమాదం పెరగదు. ఒత్తిడి ఎక్కువుండేది దించేటప్పుడే. ఆపాక మెల్లగా సర్దుకుంటుంది, గ్యాసు కొంత ఉప్పునీళ్లలో కరుగుతుంది, కొంత రంధ్రాల్లో ఇరుక్కుపోతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2005 నివేదిక కూడా చోటు సరిగా ఎంచుకుంటే వందేళ్లలో 99 శాతానికి పైగా లోపలే ఉండటం చాలావరకు ఖాయమంది. "సరిగా ఎంచుకుంటే" అన్న షరతు కింద గీత గీసుకోండి.

రొయ్యలబాబు · సోమవారం ఉదయం 6:10

అందరికీ పేరుపేరునా దండాలు. ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. తాత మొదటి లాగు లేకపోతే దండగన్నాడు గదా. మా బోరు నీళ్లకి గూడా అట్టాంటి మొదటి లెక్క రాసి పెట్టుకోవచ్చునా? పీహెచ్, ఆల్కలినిటీ మాకు కొత్త గాదు, చెరువుకి రోజూ చూస్తాం. తెల్లారి పీహెచ్ తగ్గతాది, మధ్యాన్నం ఎక్కతాది. రాత్రంతా పాచి కార్బన్ డయాక్సైడ్ వదిలి, పొద్దునపూట పీల్చుకుంటాది గాబట్టి.

కెమిస్ట్రీ_మేడమ్ · 7:25

బాబు గారూ, మీకు సగం పాఠం ముందే వచ్చు. చెరువులో అలా గంటగంటకీ మారేది బోరులో మారదు, అక్కడ ఎండా పాచీ లేవు. అందుకే బోరు నీళ్లలో పీహెచ్ నెలనెలా పడిపోతూ, ఆల్కలినిటీ, కాల్షియం పెరుగుతూ ఉంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి. దానితో పాటు ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత) కూడా రాయండి, ఉప్పునీళ్లు పైకి తోసుకొస్తే ముందు అదే చెప్తుంది. మీ వైపు సముద్రపు నీళ్లు ఎలాగూ లోపలికి వస్తున్నాయి గనక ఈసీ ఒక్కటే పెరిగితే గ్యాసుకి అంటగట్టకూడదు. వానాకాలానికీ ఎండాకాలానికీ విడివిడిగా లెక్క ఉండాలి.

రొయ్యలబాబు · 7:40

ల్యాబుకి నీళ్లు పంపేటప్పుడు కూల్‌డ్రింకు సీసాలో సగం పోసి పిలకాయలకిచ్చి పంపతాం. అది సరిపోతాదా మేడమ్?

కెమిస్ట్రీ_మేడమ్ · 7:52

సరిపోదు. సగం సీసాలో పైన ఖాళీ ఉంటుంది, నీళ్లలో కరిగిన గ్యాసు ఆ ఖాళీలోకి వెళ్లిపోతుంది, ల్యాబులో పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. మీరు వెతికేది ఆ గ్యాసునే కదా. మోటారు వేసి, గొట్టంలో నిలవ నీళ్లు పోయేదాకా వదిలి, పీహెచ్ అక్కడికక్కడే బోరు దగ్గర చూసి రాసుకోండి. ఆల్కలినిటీకి పంపే సీసా గాలి లేకుండా అంచు దాకా నింపి, మూత బిగించి, నీడలో పెట్టి అదే రోజు పంపండి.

లాగర్‌తాత · 8:15

ఏ బోరు నీళ్లో, ఎన్ని అడుగుల లోతుదో, కేసింగు ఎక్కడిదాకా ఉందో కూడా ప్రతి వరుసలో రాయి బాబూ. ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతు బోరు) నీళ్లూ లోతు బోరు నీళ్లూ ఒకే పట్టీలో కలిపేస్తే తర్వాత విడదియ్యడం ఎవడి తరమూ కాదు.